తెల్ల గీత ఆరేదాకా

ఫిబ్రవరి 11, మంగళవారం

నందిత ఈ రోజు కూడా బూట్లతో వంటింటి గడప దాకా వచ్చింది. తారు, సిమెంటు, ఎర్రమట్టి మూడూ ఒకే బూటుకు. రోడ్డు ఇంజనీరు అయినంత మాత్రాన రోడ్డంతా ఇంట్లోకి మోసుకురానక్కర్లేదని చెప్పాను. నవ్వి, బయటికి పోయి విప్పి వచ్చింది. రేపు మళ్ళీ ఇదే.

కంపెనీ వాళ్ళు సరిగ్గా మా ఊరి ముందున్న ముక్కనే దానికి అప్పగించారు. హోసూరులో వాళ్ళ నాన్న ఇల్లు ఉండగా, పనికి దగ్గరని ఈ అవ్వ దగ్గరికి వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ ముక్క ఇబ్బంది లేకుండా ముగిస్తే చేస్తామన్నారట. ముక్క అంటే మూడు పనులు: రోడ్డు కింద నుంచి ఊరివాళ్ళకు దారి, ఆ దారి పైన వంతెన, నడి గట్టులో ఇప్పుడు అందరూ దాటుతున్న సందును మూసెయ్యడం.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు రోడ్డు దాటడానికి ఎవరూ తల తిప్పేవాళ్ళు కాదు. హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సు డ్రైవరుకు మా మామగారి పేరు తెలుసు. తర్వాత రెండు లైన్లు నాలుగయ్యాయి. మధ్యలో గట్టు వచ్చింది, గట్టు మీద గన్నేరు వచ్చింది, ఊరికి ఎదురుగా ఒక సందు వదిలారు. ఇప్పుడు నాలుగు ఆరవుతున్నాయి. తవ్వుతారు, ఆపేస్తారు, కంపెనీ మారుతుంది, కొత్తవాళ్ళు వచ్చి పాతవాళ్ళు పూడ్చిందే మళ్ళీ తవ్వుతారు. బళ్ళో పిల్లలు ఇట్లా లెక్క చేసి ఉంటే పలక లాక్కునేదాన్ని.

సాయంత్రం గాలి కోసం అరుగు మీద కూర్చున్నాను. పసుపు హెల్మెట్టు సందు దాటి ఇటు వచ్చాక లోపలికి వచ్చేశాను.

ఫిబ్రవరి 12

గాలి లేదు. అయినా కూర్చున్నాను.

ఫిబ్రవరి 20

ఎదురింటి ఇంద్రాణి చామంతులు విడదీయడానికి మా అరుగు మీదికే తెచ్చుకుంటుంది, నీడ ఉంటుందని. తెల్లవారగానే ఆ పూలను వాళ్ళాయన, పేరు వేలు, మోపెడ్ మీద వేసుకుని హోసూరు మార్కెట్టుకు పోతాడు. పని చేసుకుంటూనే అడిగింది:

"టీచరమ్మా, ఈ సారి మారెమ్మ జాత్రకు దీపాలు ఎట్ల పోతాయి?"

కింద దారి అప్పటికి తయారవుతుందిగా, అందులోంచే అన్నాను. ఆమె చెయ్యి పూలలోనే ఆగిపోయింది.

"తల మింద దీపం పెట్టుకొని మనం కింద పోతా ఉంటే, మన మింద లారీలు పోతా ఉంటాయా?"

ఆమె తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మారెమ్మ గుడి రోడ్డుకు అవతల ఉంది. బియ్యప్పిండి, బెల్లం కలిపి తంబిట్టు చేసి, దాన్ని దీపంగా మలిచి, నెయ్యి పోసి వెలిగించి, పళ్ళెంతో తల మీద పెట్టుకుని గుడి దాకా దించకుండా పోతాం. ఆ దీపం ఎవరి కాళ్ళ కిందా ఉండకూడదు. మా ఇంట్లో దీపం ఉన్నంతసేపు ఎవరినీ మిద్దె ఎక్కనివ్వను. నా కొడుకు లోకనాథ్‌ను చిన్నప్పుడు బెత్తం చూపి దింపాను. నందితను కూడా దింపాను.

అట్లాంటిది, కృష్ణగిరిలో కలెక్టరు ఆఫీసులో రోడ్డు విచారణ పెట్టినప్పుడు ఊరి తరపున లేచి మాట్లాడింది నేనే. కింద దారి కావాలని అడిగాను. ఎవరెవరు దాటాలో ఒక్కొక్కటే చెప్పాను. బడి పిల్లలు, ఆవులు, ట్రాక్టర్లు, ముసలివాళ్ళు, ఆఖరికి పాడె కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. గుడి పెద్ద జయరామప్ప అందరికంటే గట్టిగా కొట్టాడు. ఊరంతా కలిసి చేసిన కూడికలో మారెమ్మను వదిలేశాం. ఎవరికీ తట్టలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నాకూ తట్టలేదు.

ఫిబ్రవరి 21

దాని గురించి నేను ఆలోచించడం లేదు.

మార్చి 4

జయరామప్ప వచ్చాడు. కాఫీ ఇచ్చాను. చక్కెర తక్కువైందన్నాడు, ఎక్కువ వెయ్యనన్నాను. సందు మూయకుండా మనవరాలితో చెప్పమని అడగడానికే వచ్చాడు. అది అక్కడ ఉద్యోగం చేస్తోంది గానీ రోడ్డు దానిది కాదని చెప్పాను.

"మూసే చెయ్యి ఆ పాపదే కదక్కా," అన్నాడు. "మొదటి దీపం మీ ఇంటిది. మీరు కదిల్తేనే కడమ దీపాలు కదిలేది. మీరు కింద దావలో పోతే నేను వద్దనలేను. అయితే అమ్మోరి మింద టైర్లు పోయినాయని ఊరు నా మొగాన ఉమ్ముతుంది."

అదే సమయానికి నందిత వచ్చింది. నిలబడే అంతా విన్నది. ఆ సందులో ఎవరెవరు పోయారో అతనికి గుర్తు చేసింది. అంకప్ప పెద్ద కొడుకు, పాలు పోసే ఆమె, ఊరికి చుట్టంగా వచ్చినాయన. జయరామప్ప కాదనలేదు. ఆ ముగ్గురి శవాల వెనకా నడిచినవాడే.

"అమ్మోరికి కోపం వస్తే కుంకుమ పెట్టి బతిమాలుకోవచ్చు తాతా. లారీకి పెట్టలేం కదా," అంది.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడకూడదని తర్వాత చెప్పాను. మాట మాత్రం సరైనదే. అది దానికి చెప్పలేదు.

మార్చి 9

మొదటి దీపం నా తర్వాత నందితకు రావాలి. లోకనాథ్ భార్యకు ఇవన్నీ పట్టవు. దీపం ఆగిపోయిన ఇల్లని నా కాలంలో అనిపించుకోవడం నాకిష్టం లేదు. రోడ్డు వస్తే వచ్చింది. నేను వద్దనలేదు. అడిగింది కూడా నేనే.

నిద్ర బాగానే పడుతోంది.

మార్చి 20

భోజనం దగ్గర మరుసటి రోజు పని చెప్పడం నందితకు అలవాటు. చారు చల్లారిపోతున్నా చెప్తుంది. నాకు సగం అర్థం కాదు. అయినా ఆపను. ఈ రోజు సందులో కాంక్రీటు దిమ్మెలు పెట్టించిందట.

"వరసగా నిలబెట్టినాము అవ్వా. దిమ్మెకూ దిమ్మెకూ కలిపే కడ్డీలు సోమవారం వస్తాయి. అంతవరకు ఊరికే నిలబడి ఉంటాయి, అంతే. ఆ కడ్డీలు పడితే నా ముక్కలో సగం పని అయినట్టే."

ఇంకొంచెం అన్నం పెట్టించుకుంది.

మార్చి 21

ఇంద్రాణి పూలు తెచ్చుకుంది. జాత్ర మాట వచ్చింది. ఏదో మాటల్లో మాటగా, కడ్డీలు సోమవారం దాకా రావట, దిమ్మెలు ఊరికే నిలబడి ఉన్నాయట అన్నాను. ఆ తర్వాత బెల్లం గురించి మాట్లాడుకున్నాం.

మార్చి 22, ఉదయం

సందులో రెండు దిమ్మెలు పక్కకు జరిగి ఉన్నాయి. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగినట్టు నేల మీద గీత ఉంది. మోపెడ్లు, సైకిళ్ళు అప్పుడే అందులోంచి దాటుతున్నాయి, ఏమీ జరగనట్టు. నందిత తినకుండా పరిగెత్తింది.

ఊరికే నిలబడి ఉన్నవాటిని ఎవరైనా జరపగలరు. ఎవరైనా చూసి తెలుసుకోగలరు.

మార్చి 22, సాయంత్రం

వేలును వ్యాను కొట్టింది. పూలు అమ్ముకుని హోసూరు నుంచి తిరిగి వస్తూ ఆ సందులోనే తిరిగాడు. వ్యాను అతను బ్రేకు వేసిన చప్పుడు నాకు ఇంట్లోకి వినిపించింది. అమ్ముడుపోని చామంతులు రెండు లైన్ల మీదా పడ్డాయి. బండ్లు వాటి మీదే పోయాయి. కాలు తొడ దగ్గర విరిగింది. ప్రాణానికి భయం లేదంటున్నారు. అంబులెన్సు కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఇంద్రాణి చెప్పులు లేకుండా అందులో ఎక్కింది.

ఆమె చెప్పులు మా అరుగు కింద ఉన్నాయి. వాళ్ళింటి ముందు కొక్కేనికి ట్రాక్టరు గొలుసు వేలాడుతోంది. దిమ్మెలు లాగినవాళ్ళలో వేలూ ఉన్నాడని ఊళ్ళో అందరికీ తెలుసు. అతనికి ఎవరు చెప్పారని ఎవరూ అడగడం లేదు.

మార్చి 23

నందితకు కంపెనీ మెమో ఇచ్చింది. సందు మూసినట్టు రాసి, మూతను కాపాడలేదని. పర్మనెంటు సంగతి పక్కన పెట్టారు. కడ్డీలు ఇంకా పడలేదన్న సంగతి బయటికి ఎట్లా పొక్కిందని అడిగారట. తెలియదని చెప్పి వచ్చింది.

బూట్లు బయటే విప్పింది. చేతులు కడుక్కుంది. పీట మీద కూర్చుని, నా వైపు చూడకుండా అంది:

"అవ్వా, ఆ మాట నేను ఇంట్లో మాత్రమే చెప్పినాను. ఇంకెక్కడా చెప్పలేదు."

చారులో ఉప్పు వేశానో లేదో చూడడానికి నేను వంటింట్లోకి వెళ్ళాను. వేసే ఉంది.

మార్చి 24

కడ్డీలు వేశారు.

మార్చి 27

నేను చెప్పింది ఒక్క మాట. అదీ పూల దగ్గర.

మార్చి 31

భోజనం దగ్గర నందిత మాట్లాడదు. చారు బాగుందా అంటే బాగుంది అంటుంది. రేపు ఎక్కడ పని అంటే అక్కడే అవ్వా అంటుంది. బూట్లు రోజూ బయటే విప్పుతోంది. ఇన్నాళ్ళూ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు గడప శుభ్రంగా ఉంది. రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాను.

ఏప్రిల్ 6

ఇంద్రాణితో కలిసి కృష్ణగిరి ఆసుపత్రికి వెళ్ళాను. చెప్పులు తీసుకెళ్ళి ఇచ్చి చాలా రోజులైంది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. శూలగిరి దాటాక ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను టిక్కెట్టు చూసుకున్నాను.

వేలు కాలు ఎత్తి కట్టి ఉంది. మనిషి మాత్రం అదే మనిషి. "అమ్మోరి కోసరం సందు తీసి, అమ్మోరి కంటే ముందు నేనే దాటబోయినాను టీచరమ్మా. ఆయమ్మ ఊరుకుంటుందా," అని నవ్వాడు. పక్క మంచం అతనూ నవ్వాడు. ఇంద్రాణి నా మొహం చూడలేదు. నేను ఆమె మొహం చూడలేదు. ఎవరు ఎవరికి చెప్పారో మా ఇద్దరికే తెలుసు. ఇద్దరం కలిసి నారింజ పండు ఒలిచి అతనికి పెట్టాం.

ఏప్రిల్ 13, ఆదివారం

గుడి దగ్గర కూటం పెట్టారు. జాత్ర ఇరవై రెండున. కడ్డీలు వేసినా సరే, మిషను తెచ్చి దిమ్మెలు పగలగొడదామని, ఒక్క దినం కోసమేనని జయరామప్ప అన్నాడు. ఒక్క దినం కోసమని తీసింది ఒక్క దినంలో మూతపడదని వేలు కాలు చూశాక కూడా ఎవరూ అనలేదు. తలలు ఊపుతున్నారు. వెనక, బండి పక్కన, హెల్మెట్టు చేతిలో పట్టుకుని నందిత నిలబడి ఉంది. ఏం తీర్మానం చేస్తారో కంపెనీకి చెప్పాలి గనక వచ్చింది. దానితో ఎవరూ మాట్లాడడం లేదు.

నేను లేచాను. ఇంత రాయాలని లేదు, కానీ అన్నది అన్నట్టే రాస్తాను.

"దిమ్మెలకు కడ్డీలు లేవని ఊళ్ళోకి వచ్చిన మాట నా నోట్నుంచి వచ్చింది. నా మనవరాలు ఇంట్లో చెప్పుకున్న మాట అది. నేను బయట పెట్టినాను. దాంతో ఒక మనిషి కాలు విరిగింది, ఒక పిల్ల ఉద్యోగానికి ముప్పు వచ్చింది. ఇంకోసారి పగలగొట్టేదానికి నా దీపం తోడు రాదు. మొదటి దీపం కింద దావలోనే పోతుంది. వెనక ఎవురూ రాకుంటే ఒక్కటే పోతుంది."

కూర్చున్నాను.

ఇంద్రాణి అక్కడే ఉంది. తన పేరు నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. జయరామప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అయితే అమ్మోరి మీద టైర్లు పోతాయి కదక్కా, దానికేం చెప్తావు అని మెల్లగా అడిగాడు. తెలియదనే చెప్పాను.

ఏప్రిల్ 14

నందిత తనంతట తానే అడిగింది, మొదటి దీపం కింద దారిలోకి దిగితే ఆఖరి దీపం బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందని. ఆగకుండా నడిస్తే పాట ఒకటి ముగిసేలోగా అన్నాను. తల పంకించి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 16

నందిత జయరామప్ప ఇంటికి తనే పోయింది. నన్ను రమ్మంది, పక్కన నిలబడడానికి. వంతెన మీద ఇంకా తెల్ల గీతలు గీయలేదట. గీసేటప్పుడు వంతెన మూసి, బండ్లను పక్క రోడ్డుకు తిప్పుతారు. ఆ గీత పని ఇరవై రెండు పొద్దున పెట్టుకునేందుకు మేనేజరును ఒప్పించింది. దీపాలు పక్క రోడ్డు దాటే కొంచెంసేపు పోలీసులు బండ్లను నిలుపుతారు.

"గీత ఆరేదాకా దాని మింద ఎవురూ అడుగు పెట్టకూడదు తాతా. గీసినవాళ్ళు కూడా దిగిపోతారు. కాలూ ఉండదు, చక్రమూ ఉండదు. అప్పుడు మీరు కింద పోండి."

మిద్దె మీద ఎవరూ లేకపోతే ఇంట్లో దీపం పెట్టుకోవచ్చు కదా, ఇదీ అంతే అని జయరామప్ప చివరికి తనకు తానే చెప్పుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బాగా ఆలోచించావని నందితతో అనాలనుకున్నాను. గీత ఆరడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను.

ఏప్రిల్ 21

బియ్యం నానబెట్టి, నీడన ఆరబోసి, రోట్లో దంచాను. మిక్సీ పిండితో తంబిట్టు నిలవదు. బెల్లం కోలారు నుంచి వచ్చింది, నల్లగా ఉంది, వాసన మంచిది. చెయ్యి లాగుతోంది. ఇంద్రాణి వచ్చి అడక్కుండా రోకలి అందుకుంది. ఇద్దరం వంతులు వేసుకుని దంచాం.

ఏప్రిల్ 22, మంగళవారం

తల తడిగానే ముడి వేసుకుని, మొదటి దీపం ఎత్తుకున్నాను. నా వెనక ఇంద్రాణి. ఆ వెనక ఎవరెవరు వచ్చారో తిరిగి చూడలేదు. తిరగకూడదు. అడుగుల చప్పుడును బట్టి అందరూ వచ్చారు.

పక్క రోడ్డులో బండ్లు నిలిపి ఉంచారు. లారీల వాళ్ళు దిగి దండం పెట్టారు. పలకలు వాయించేవాళ్ళతో జయరామప్ప ముందు నడిచాడు. కింద దారి చల్లగా ఉంది, కొత్త సిమెంటు వాసన. పైన ఏ చప్పుడూ లేదు. ఈ రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను కోడలిగా వచ్చినప్పటి తర్వాత ఎప్పుడూ వినలేదు. పలకల మోత గోడలకు తగిలి మా మీదికే వస్తోంది.

సగం దారిలో ఉండగా సైరన్ వినిపించింది.

హోసూరు వైపు నుంచి అంబులెన్సు. పక్క రోడ్డంతా మా కోసం నిలిపిన బండ్లే. దారి లేదు. వంతెన ఒక్కటే ఖాళీగా ఉంది. పైన నందిత ఉంది. వంతెనకు అడ్డం పెట్టిన ప్లాస్టిక్ కోన్‌లను లాగుతున్న చప్పుడు నాకు వినిపించింది. అవి లాగే అధికారం ఆ పూట దానికి ఒక్కదానికే ఉంది.

జయరామప్ప ఆగాడు. పలకలు ఆగాయి. అతను వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. నేను ఆగితే అందరూ ఆగుతారు. ఆగితే చక్రాలు మా నడి నెత్తి మీదుగా పోతాయి. నడిచినా పోతాయి. నా కాళ్ళు కదల్లేదు. పళ్ళెం రెండు చేతులా పట్టుకున్నాను. దీపం ఎట్లా ఉందో నాకు కనిపించదు కదా.

వెనక నుంచి ఇంద్రాణి అంది:

"నడువక్కా. ఆ దినం మా ఆయనకు గూడా ఎవురో ఇట్లనే దావ ఇడిసినారు."

ఇన్నేళ్ళూ ఆమె నన్ను టీచరమ్మా అనే పిలిచింది.

నడిచాను. చక్రాలు పైన పోయాయి. వంతెన కొంచెం అదిరింది, సన్నగా ఇసుక రాలింది. సైరన్ కృష్ణగిరి వైపు పోయి పోయి తగ్గిపోయింది. జయరామప్ప ఒక్క క్షణం చూసి, పలకలవాళ్ళకు చెయ్యి ఊపాడు. ఎండలోకి వచ్చాక అతను నా తల వైపు చూసి, ఉందక్కా అన్నాడు. దీపం ఉంది. ఇంద్రాణిదీ ఉంది. గుడిలో దించాను.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన పక్క వాలు ఎక్కి చూశాను. తెల్ల గీత మీద రెండు టైర్లు దాటి ఉన్నాయి. ఆ తెలుపు టైర్లకు అంటుకుని నల్ల రోడ్డు మీద మచ్చలు మచ్చలుగా కొంతదూరం పోయి కలిసిపోయింది. నందిత దాని పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చేతులనిండా రంగు.

"చెడిపోయింది అవ్వా. మళ్ళీ గీయాల. మేనేజరుకు చెప్పినాను, నేనే ఇడిసినానని."

ఏమన్నాడని అడిగాను.

"గీత మళ్ళీ గీయమన్నాడు. అంతే."

దీపం తంబిట్టు తుంచి దాని నోట్లో పెట్టాను. చేతులకు రంగు ఉంది గనక.

ఏప్రిల్ 23

చక్రాలు పోయిన సంగతి జయరామప్ప ఊళ్ళో ఎట్లా చెప్తున్నాడో ఇంద్రాణి వచ్చి చెప్పింది. ఆ అంబులెన్సులో పోయింది అమ్మోరేనట, ఎవరినో చూసి రావడానికట. నేను సరిదిద్దలేదు.

ఏప్రిల్ 25

నందిత రాత్రి భోజనానికి బూట్లతో గడప దాకా వచ్చింది. చూశాను. అదీ చూసింది. బయటికి పోయి విప్పి వచ్చింది.

పర్మనెంటు సంగతి ఇంకా తేలలేదు. చారు పోశాను. రెండో ముద్ద దగ్గర, నేను అడక్కుండానే, రేపటి పని ఏమిటో చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏది ముందు, ఏది తర్వాత, అంతా చెప్పింది. చారు చల్లారిపోయింది.

ఏ పనో ఇక్కడ రాయను.